సైకిలూ, చీర కుచ్చెళ్లూ

పోయిన నెలలో ఒకనాటి సాయంకాలం మా పక్కింటావిడ చేతిలో ఒక పొట్లం పట్టుకొని వచ్చింది. మాది హిందూపురం. ఆమె నాకన్నా పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. కాలేజీలో చదివే ఆమె కూతురు నలుగురు స్నేహితురాళ్లతో కలిసి ఆదివారాలు సైకిలు మీద పెనుకొండ దాకా పోయివస్తానంటున్నదట. తల్లికి దానిమీద అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా ఆ పొట్లంలో ఉన్నదానిమీద. విప్పి చూపించింది. నల్లటి బిగుతు నిక్కరు, మోకాళ్ల పైదాకానే వస్తుంది, లోపల కూర్చునేచోట మెత్త కుట్టి ఉన్నది.

“ఇది కట్టుకొని నలుగురూ చూస్తుండగా రోడ్డుమీద పోతాదంట. సైకిలు తొక్కేదానికి ఇదే కావల్నా అక్కా? పంజాబీ డ్రెస్సు చాలదా?” అని అడిగింది.

“ఏమ్మే, ముందు కూర్చో” అన్నానే గాని, చాలుతుందనీ చెప్పలేకపోయాను, చాలదనీ చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆమె అడిగిన ప్రశ్నకు నూట ముప్పై ఏళ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ఒక చిన్న ముక్క నాదీ ఉన్నది. ముందు అది చెప్పి, తరువాత పెద్ద కథకు వస్తాను.

మా చిన్నతనంలో హిందూపురంలో అద్దె సైకిళ్ల అంగళ్లు ఉండేవి. గంటకు ఇంత అని లెక్క. ఆడపిల్లల సైకిలు ఒకటో రెండో ఉంటే, అవి ఎప్పుడూ ఎవరో తీసుకొనిపోయి ఉండేవి. మిగిలినవన్నీ పెద్ద మగసైకిళ్లే, మధ్యలో అడ్డకడ్డీ ఉన్నవి. మగపిల్లలు కడ్డీ కిందినుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వంగి తొక్కి నేర్చుకొనేవారు. పావడతో మాకు అది కుదరదు. కోస్తావాళ్లు పరికిణీ అంటారు, మేము పావడ అంటాం. అయినా నాతో చదివే ఒక పిల్ల పట్టుపట్టి నేర్చుకున్నది. ఎనిమిదో తరగతిలో పావడమీద దావణి వేసుకోవటం మొదలుపెట్టిన ఏడాది, బడినుంచి వస్తూ వస్తూ పావడ అంచు గొలుసులో పడింది. పళ్లచక్రం దాన్ని మూరెడు లోపలికి లాక్కున్నది. పిల్ల పడింది, మోచెయ్యి విరిగింది. చెయ్యి నెలన్నరకు అతుక్కున్నది గాని సైకిలు మాత్రం మళ్లీ ఆమె చేతికి రాలేదు. ఆ ఊళ్లో హైస్కూలు లేదు, నాలుగు మైళ్లు నడిచి రావాలి. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. “ఆడపిల్లకు సైకిలేంది?” అన్నారు పెద్దలు. తప్పంతా పిల్లదనీ, సైకిలుదనీ అన్నారే గాని, పావడ అంచుది కూడా కొంత అని ఒక్కరూ అనలేదు. నాకూ అప్పుడు తోచలేదు.

ఇక అసలు కథ. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయే రెండుచక్రాల బండిని 1817లో జర్మనీలో కార్ల్ డ్రయిస్ అనే ఆయన తయారుచేశాడు. తరువాత ముందుచక్రం మనిషెత్తు, వెనకచక్రం జానెడుగా ఉండే విచిత్రమైన సైకిళ్లు వచ్చాయి. వాటిమీదికి ఎక్కటమే ఒక సర్కసు. నిండు గౌనులతో ఎక్కే మాటే లేదు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా, వెనకచక్రానికి గొలుసుతో ‘రోవర్’ సైకిలు తెచ్చాడు. మూడేళ్లకు, 1888లో, డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే సైకిలు ఉన్నదే, దాని రూపం అప్పటిదే. ఆడవాళ్లు సైకిలు ఎక్కటం మొదలైంది కూడా అప్పుడే.

ఎక్కారు సరే, గౌను ఏం చెయ్యాలి? అప్పటి ఇంగ్లీషు ఇల్లాలి బట్టల సంగతి వింటే మనకు జాలి వేస్తుంది. నడుముకు బిగించి కట్టిన కోర్సెట్టు, దానికింద పొరలు పొరలుగా లంగాలు, పైన నేలను ఊడ్చే గౌను. 1881లో లండన్‌లో కొందరు స్త్రీలు ‘రేషనల్ డ్రెస్ సొసైటీ’ అని ఒక సంఘం పెట్టుకొన్నారు. ఆ సంఘం అడిగినవాటిలో ఒకటి, లోపలి బట్టల బరువు ఏడు పౌన్లు మించరాదని! అంటే మూడు కిలోల పైన. మన ధర్మవరం ముహూర్తపు చీర, ఎంత జరీ పడినా, కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. దానికే మనం పెళ్లి పందిట్లో ఉస్సురంటాం. మూడు కిలోలకు తగ్గించండి మహాప్రభో అని సంఘం పెట్టుకోవలసి వచ్చిందంటే, అంతకుముందు ఎంత మోసేవారో ఊహించుకోండి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బట్టను మార్చటానికి లోకం ఒప్పుకోలేదు గనక, ముందు సైకిలునే మార్చారు. అడ్డకడ్డీని కిందికి వంచేశారు. గొలుసుకు డబ్బాలాంటి మూత పెట్టారు. వెనకచక్రానికి రెండువైపులా మడ్‌గార్డునుంచి ఇరుసు దాకా దారాలు వల అల్లినట్లు అల్లారు, గౌను ఊచల్లో పడకుండా. మన ఆడసైకిళ్లకు వెనకచక్రం పక్కన ఉండే జల్లెడలాంటి వల దాని మనుమరాలే. చీరకోసం పెట్టారనుకుంటాం గాని, అది పుట్టింది గౌనుకోసం. అయితే ఊరికే వచ్చేది ఏదీ లేదు. పైకడ్డీ తీసేస్తే చట్రం బలం తగ్గుతుంది, ఆ బలం రావాలంటే మిగతా గొట్టాలు లావుగా ఉండాలి. కనక బట్టల బరువుకు తోడు సైకిలు బరువు కూడా ఆడవాళ్లకే పెరిగింది.

కొందరు మగువలు సూదీ దారంతో పరిష్కారం వెదికారు. లండన్‌లో ఆలిస్ బైగ్రేవ్ అని ఒక దర్జీ ఉండేది. ఆమె 1895లో ఒక లంగాకు పేటెంటు తీసుకున్నది. కుట్లలో లోపల చిన్న చిన్న కప్పీలు దాచి, వాటిగుండా తాడు పోనిచ్చింది. సైకిలు ఎక్కేముందు నడుము దగ్గర తాడు లాగితే, కిటికీ తెర లేచినట్లు లంగా ముందూ వెనకా పైకి లేస్తుంది. దిగి తాడు వదిలితే మళ్లీ మర్యాదస్తురాలు! నాకు ఈమె అంటే చాలా ఇష్టం. బావిగట్టుమీద మనవాళ్లు కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకొన్న ఉపాయమే ఇది, కాకపోతే కప్పీలు తగిలించింది. ఈమధ్య కాట్ యుంగ్‌నికెల్ అనే పరిశోధకురాలు ఆ పాత పేటెంటు పత్రాలు చూసి, అలాంటి బట్టలు మళ్లీ కుట్టించి, వేసుకొని, సైకిలు తొక్కి మరీ చూసింది. 2018లో దానిమీద పుస్తకం కూడా తెచ్చింది.

అంత ఉపాయం తెలియనివారు, లేదా ఓపిక లేనివారు, తెగించి లాగు తొడిగారు. ఈ లాగు కథ ఇంకా పాతది. అమెరికాలో 1851లో అమీలియా బ్లూమర్ అనే పత్రికా సంపాదకురాలు మోకాళ్ల దాకా గౌను, దానికింద చీలమండ దగ్గర కుచ్చు పెట్టిన వదులు పైజామా వేసుకొని, అది మంచిదని తన పత్రికలో రాసింది. మొదట వేసుకున్నది ఆమె కాదు, పేరు మాత్రం ఆమెదే నిలిచింది: ‘బ్లూమర్స్’. ఆ పైజామాను అప్పట్లో అందరూ టర్కీ పైజామా అనేవారు. చూశారా, తూర్పుదేశాల ఆడవాళ్లు తరతరాలుగా వేసుకుంటున్న బట్ట పడమటి వీధిలోకి వస్తే విప్లవమైపోయింది. వెక్కిరింతలు పడలేక కొన్నేళ్లకే చాలామంది దాన్ని మానేశారు. సైకిలు వచ్చాకనే మళ్లీ పెట్టెల్లోంచి బయటికి తీశారు.

1894 జూన్‌లో ఆనీ కాప్‌చోవ్‌స్కీ అనే ముగ్గురు బిడ్డల తల్లి, ఆనీ లండన్‌డెరీ అని పేరు మార్చుకొని, సైకిలుమీద ప్రపంచం చుట్టి వస్తానని బోస్టన్‌లో బయలుదేరింది. బయలుదేరినప్పుడు పొడుగు గౌను, పంతొమ్మిది కిలోల ఆడసైకిలు. షికాగో చేరేసరికి తత్వం బోధపడింది. అందులో సగం బరువుండే సైకిలు తీసుకొన్నది, గౌను వదిలి బ్లూమర్స్‌లోకి, ఆపైన మగవాళ్ల సవారీ దుస్తుల్లోకి మారింది. సముద్రాలు ఎటూ ఓడలోనే దాటింది, కోతలు కూడా బాగానే కోసిందంటారు. అయినా 1895 సెప్టెంబరుకు తిరిగి వచ్చింది. గౌనుతోనే ఉండి ఉంటే షికాగో దాటేది కాదని నా నమ్మకం.

అన్నిటికన్నా తమాషా ఇంగ్లండు కోర్టులో జరిగింది. రేషనల్ డ్రెస్ సంఘం పెద్ద లేడీ హార్బర్టన్, 1898 అక్టోబరులో సర్రే జిల్లాలో ఆక్‌హామ్ అనే ఊళ్లో హాట్‌బాయ్ అనే హోటలుకు సైకిలుమీద పోయింది. వదులు లాగు వేసుకొని ఉన్నది. ఆ వేషంతో కాఫీ గదిలో కూర్చోనివ్వనన్నది హోటలు యజమానురాలు. కావాలంటే మగవాళ్లు తాగి చుట్టలు కాల్చే గదిలో కూర్చొని తినమన్నది. సైకిలు సంఘంవారు కేసు వేశారు. 1899 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. తిండి పెట్టననలేదు, గది మార్చింది, అంతే గనక నేరం లేదని యజమానురాలిని వదిలేశారు. రెండు కాళ్లకు విడివిడిగా బట్ట ఉండటం మర్యాదా కాదా అని ఒక దేశపు కోర్టు కూర్చొని విచారించిందన్నమాట.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. ఆ కేసు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తుకు వచ్చింది. ఆమె చీర ఎప్పుడూ కచ్చపోసి కట్టేది. మా వైపు గోచీకట్టు అని కూడా అంటారు. కుచ్చెళ్లలో కొంత భాగం కాళ్ల మధ్యనుంచి వెనక్కు తీసి నడుములో దోపితే, రెండు కాళ్లకూ విడివిడిగా బట్ట అయిపోతుంది. పొలంలో నాట్లకూ, రాళ్లు మోయటానికీ, చెట్టెక్కి చింతకాయలు రాల్చటానికీ అదే కట్టు. అటు మడి కట్టుకొనే ఇళ్లల్లోనూ పద్దెనిమిది మూరల చీర, అంటే తొమ్మిది గజాలది, కచ్చతోనే కట్టేవారు. లేడీ హార్బర్టన్ కోర్టుదాకా పోయి అడిగినది మా అవ్వ ఏ కోర్టుకూ పోకుండానే కట్టుకొని తిరిగింది!

మన ప్రాంతంలో ఆడవాళ్ల బట్టల చరిత్ర చూడాలంటే పెద్ద దూరం పోనక్కరలేదు. హిందూపురానికి పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి ఉన్నది. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల ప్రాంతంలో, విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం కప్పుమీద ఆనాటి చీరలు రంగులతో సహా ఉన్నాయి. చారలు, గళ్లు, పూలు, అంచులు. ఇప్పటికీ నేతగాళ్లు వాటిని చూసి చీరలమీద దించుకుంటారు. విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాడు నూనిజ్, రాయల కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లూ, పల్లకీ మోసే ఆడవాళ్లూ ఉన్నారని రాశాడు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత ఆ రాజ్యానికి మన పెనుకొండే రాజధాని అయింది. కాళ్లు కట్టిపడేసే గుడ్డతో కుస్తీలూ, పల్లకీ మోతలూ అయ్యే పనులు కావని వేరే చెప్పాలా?

మరి ఆ కచ్చ ఎక్కడికి పోయింది? 1864లో కలకత్తానుంచి బొంబాయి వెళ్లిన జ్ఞానదానందినీ దేవి, ఆమె రవీంద్రనాథ ఠాకూరుకు వదినె, పార్సీ స్త్రీలను చూసి లోపల లంగా, పైన రవిక, దానిమీద చీర అనే పద్ధతి పట్టుకొని వచ్చింది. చదువుకున్న ఇళ్లల్లో అది నాగరికమైన కట్టు అయింది. నలుగురిలోకి రావటానికి వీలైన కట్టు గనక ఆ రోజుల్లో అది ముందడుగే, కాదనను. మనవైపు కూడా కొంత కాలానికి ఆరు గజాల చీర, లంగామీద ముందు కుచ్చెళ్లు, ఎడమ భుజంమీద పైట అన్నది పట్నపు కట్టు అయింది. కచ్చ పొలానికీ, పూజకూ, ముసలివాళ్లకూ మిగిలిపోయింది. మన దురదృష్టం చూడండి. సరిగ్గా సైకిలు మన ఊళ్లలోకి దిగేనాటికి, సైకిలుకు పనికివచ్చే కట్టును మోటు అని మనమే పక్కన పెట్టేశాం. గోనెసంచిలాంటి లంగాలో రెండు కాళ్లూ దూర్చుకొని, సైకిలు ఆడదానికి పనికిరాదు అనుకొన్నాం. మహారాష్ట్ర స్త్రీలు తొమ్మిది గజాల కచ్చ చీరను పూర్తిగా వదలలేదు. ఇప్పుడు ఉగాది నాడు బొంబాయి గిర్‌గావ్ ఊరేగింపులో అదే చీరతో బుల్లెట్ మోటారు సైకిళ్లు నడుపుతుంటే లోకమంతా ఫొటోలు తీసుకొంటున్నది.

చీరతో సైకిలు తొక్కలేరనీ కాదు. 1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టరు షీలారాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో సైకిలును కూడా ఒక పాఠంగా చేర్చింది. పొలంకూలీలు, క్వారీ కూలీలు, అంగన్‌వాడీ పనివాళ్లు నేర్చుకున్నారు. లక్షమందికి పైగా పల్లెటూరి స్త్రీలు తొక్కారని పి. సాయినాథ్ రాశారు. ఆయన రాసిన ఇంకొక సంగతి నన్ను ఆశ్చర్యపెట్టింది. కొందరు తల్లులు కావాలని మగసైకిలే అడిగారట, ముందు కడ్డీమీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని. ఇంగ్లండులో అంత కష్టపడి వంచిన కడ్డీని వీళ్లు మళ్లీ నిటారుగా అడిగి తీసుకొన్నారు! బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు ఇస్తే, వయసుకు తగ్గట్టు హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ లెక్క తేల్చారు. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ అని తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. ఆ పిల్లలు బడికి వేసుకున్నది పావడా దావణీ కాదు, చుడీదారు. సైకిలు ఒక్కటే ఇచ్చి, పాత పావడ ఉంచి ఉంటే ఎంతమంది తొక్కేవారో నాకు అనుమానమే.

చుడీదారుకూ ఒక గండం ఉన్నది, చున్నీ. 1927లో ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ ఫ్రాన్సులో నీస్ నగరంలో కారెక్కింది. మెడలోని పొడుగాటి పట్టుగుడ్డ కొస చక్రంలో చిక్కుకొని క్షణంలో ప్రాణం పోయింది. మన దేశంలో స్కూటర్లమీదా, ఆటోల్లోనూ చున్నీ చిక్కుకొన్న కేసులు వైద్యులు రాస్తూనే ఉన్నారు. సైకిలుమీద చున్నీ వేసుకొనే తీరాలంటే మడిచి, రెండు కొసలూ నడుముకు కట్టెయ్యండి. వెనక ముడి వేసి వదిలేస్తే చాలదు. మన వైపు గాలి సంగతి తెలిసిందే. ధర్మవరానికీ పెనుకొండకూ దగ్గరలోని రామగిరి కొండలమీద 1990లలోనే గాలిమరలు పెట్టారంటే, ఆషాఢమాసంలో అక్కడ గాలి ఎట్లా వీస్తుందో చెప్పాలా! అంత పెద్ద రెక్కలను తిప్పే గాలి మన పైటను వదులుతుందా?

ఇక పక్కింటావిడ తెచ్చిన నిక్కరు. అది సిగ్గులేనితనంకోసం కుట్టింది కాదు. గంటలకొద్దీ తొక్కేటప్పుడు తొడ సీటుకు వేలసార్లు రాసుకొంటుంది. అక్కడ ఒక మడత, ఒక లావుపాటి కుట్టు ఉంటే చాలు, చర్మం లేచిపోతుంది. అందుకని పూర్వం పందెగాళ్లు ఉన్ని నిక్కరులో కొండమేక తోలు ముక్క కుట్టించుకొనేవారు. తడిసి ఆరితే అది అట్టలాగా బిగుసుకొనేది, కొవ్వు రాసి మెత్తబరిచేవారు. 1958లో డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ సాగే దారం కనిపెట్టాడు. తరువాత ఉన్ని పోయి ఆ సాగే గుడ్డ వచ్చింది, తోలు పోయి స్పాంజి మెత్త వచ్చింది. బిగుతు ఎందుకంటే గుడ్డ జరిగితే మడత పడుతుంది గనక. ఇంకొక మాట, తల్లులు కూతుళ్లకు చెప్పటానికి మొహమాటపడేది: ఆ నిక్కరు లోపల మళ్లీ వేరే లోదుస్తు వేసుకోకూడదు. వేసుకొంటే దాని కుట్లు ఒరుసుకొని, మెత్త పెట్టిన ప్రయోజనమే పోతుంది. ప్రతిసారీ ఉతికి, ఎండలో ఆరేసి వాడాలి.

నేను ఆమెతో చెప్పిందల్లా ఇది. నిక్కరు ఉండనీ, దానిమీద వదులు ప్యాంటు ఒకటి వేసుకోనీ. పంజాబీ డ్రెస్సు పైజామా అయితే కింద ఘేరు తగ్గించి, చీలమండ దగ్గర ఎలాస్టిక్ కుట్టు. ముఖ్యంగా కుడికాలు, గొలుసు ఉండేది ఆ పక్కనే. కుర్తా మోకాళ్ల పైకే ఉండాలి, పక్కచీలికలు పెద్దవి పెట్టు, లేకపోతే సీటు కొనకు తగులుకొంటుంది. పెనుకొండ రోడ్డుకు చేతులు నిండా ఉండే పలచని లేతరంగు చొక్కా మంచిది. మన ఎండకు చర్మం కప్పుకొంటేనే చల్లన. హైవేమీద లారీలు ఎక్కువ. దూరంనుంచి కనపడేటట్టు పసుపో నారింజో వేసుకొంటే నీకూ ధైర్యంగా ఉంటుంది. కొండెక్కేరోజు మాత్రం నూలుబట్ట వద్దు. ఎక్కేటప్పుడు చెమటకు తడిసి, దిగేటప్పుడు గాలికి ఒంటికి అతుక్కొని వణికిస్తుంది. చెమట తొందరగా ఆరే సింథటిక్ గుడ్డ దొరుకుతుంది, అది కొను. కొండదారిలో కంపచెట్లు గీరుకొంటాయి గనక కాళ్లకు నిండా బట్ట ఉండి తీరాలి. జడ ముడివేసి హెల్మెట్టు కింద పెట్టించు. గాజులు తీసి చేతికి తొడుగులు ఇవ్వు, పడితే ముందు నేలకు ఆనేది అరచెయ్యే. చెప్పులు వద్దే వద్దు.

ఇవన్నీ విని ఆమె “అయితే అది వేసుకొనేదానికి తప్పు లేదంటావు” అన్నది.

“గొలుసులో పడని బట్ట ఏదైనా తప్పు కాదు” అన్నాను. హైస్కూలు ఆగిపోయిన నా స్నేహితురాలి సంగతి కూడా చెప్పాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు పొట్లం తనే జాగ్రత్తగా మడిచింది. ఆ రాత్రే మిషను చప్పుడు మా ఇంటిదాకా వినిపించింది.

ఆ పిల్ల రెండు ఆదివారాలు పెనుకొండ పోయివచ్చింది. పోనూ రానూ డెబ్భై కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఈసారి అక్కడినుంచి ఇంకా ముందుకు, చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం దాకా పోతారట. రాత్రి అక్కడ ఉండి రైల్లో సైకిళ్లు వేసుకొని వస్తారట. తల్లికి ఇప్పుడు బట్టల దిగులు లేదు, దిగులు వేరే. ధర్మవరం దాకా పోయి పట్టుచీర లేకుండా వచ్చేవాళ్లు ఉంటారా అని డబ్బు కూడా చేతిలో పెట్టింది. సైకిలుకు వెనక క్యారియరు లేదు, చీర ఎక్కడ పెట్టుకొని తెచ్చేది అని కూతురు వాదిస్తున్నది. నిన్న సాయంత్రానికి ఇంకా తెగలేదు.